ద్వారం వారి ఊళ్ళో గిటారు ఏం పాపం చేసింది?

మొన్న దసరాకి విజయనగరం వెళ్ళా. సిరిమాను చూసి నాలుగేళ్ళయింది. బెంగుళూరులో ఎప్పుడూ పండక్కే రిలీజులు పెట్టుకునే మహానుభావులు ఉంటారు కాబట్టి కుదరలేదు. ఈసారి కుదిరింది, పైడితల్లమ్మ దయ. కానీ ఈ టపా సిరిమాను గురించి కాదు. ఆ మర్నాడు మా పెదనాన్న ఇంట్లో జరిగిన గొడవ గురించి. వారం నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది, రాసేస్తే గానీ పోయేలా లేదు.

మా మేనకోడలికి పదిహేనేళ్ళు. ఆరేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చింది. బాగానే వాయిస్తుంది (మావయ్యని కాబట్టి చెప్పడం లేదు, నా చెవులు నిజంగానే ఒప్పుకున్నాయి). కాఫీ తాగుతుంటే మెల్లిగా పక్కకొచ్చి "మావయ్యా, నాకో గిటారు కావాలి. వయొలిన్ మాననులే, అదీ నేర్చుకుంటా" అంది. గుసగుసగానే అంది. కానీ మా పెదనాన్నకి బీపీ మాత్ర వేసుకోమంటే వినబడదు గానీ ఇలాంటివి మాత్రం పక్క వీధిలోంచి కూడా వినబడతాయి.

"గిటారేటే గుంటా? ద్వారం వారు నడిచిన వీధుల్లో ఉండి నీకు గిటారు కావాల్సొచ్చిందా?"

అంతే. ఇంక ఆ పూటంతా అదే. మా అక్క ఆయన వైపు, బావ ఎటూ కాదు, నేను మేనకోడలి వైపు. నా ఫోన్లో ఉన్న శక్తి బృందం మొదటి ఆల్బం పెట్టి వినిపించా. పెదనాన్న కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు. "వయొలిన్ బాగుందిరా. ఆ గిటారోడు లేకపోతే ఇంకా బాగుండును" అన్నారు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పెద్దాయనతో వాదించలేక ఊరుకున్నా. ఆ వాదనంతా ఇక్కడ మీ నెత్తిన రుద్దుతున్నా, కాస్త భరించండి.

ముందు ద్వారం వారి సంగతి. విజయనగరంలో పుట్టినవాడికి ఈ పేరు చెప్పనక్కర్లేదు గానీ, మిగతా జిల్లాల వాళ్ళ కోసం చెప్తున్నా. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టారు, పెరిగింది విశాఖ వైపు. 1919లో పూసపాటి రాజా వారు మా ఊళ్ళో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వారి వాయిద్యం విని దాసుగారు ఏకంగా మాస్టారుగా పెట్టేసుకున్నారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. 1941లో మద్రాసు వాళ్ళు సంగీత కళానిధి ఇచ్చారు. అప్పటిదాకా వయొలిన్ అంటే పాటగాడి పక్కన కూచుని వాయించేది. దాన్ని వేదిక మధ్యలో కూచోబెట్టి సోలో కచేరీలు చేసి జనాన్ని మెప్పించిన వాళ్ళలో ఆయన ముందు వరసలో ఉంటారు.

అది సరే. ఇప్పుడు మా పెదనాన్నకీ, ఆయనలాంటి వాళ్ళందరికీ నా ప్రశ్న. ఆ వయొలిన్ ఎక్కడిది బాబూ? బొబ్బిలిలో చేశారా, సాలూరులో చేశారా? తెల్లవాళ్ళ ఓడల్లో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడని చెప్తారు. అంటే రెండొందల ఏళ్ళ నాటి మాట. ఆయన ఇంట్లోనూ ఒక పెదనాన్న ఉండి "దీక్షితుల ఇంట్లో ఫిడేలేటిరా" అని ఉంటే? మనవాళ్ళు దాన్ని భుజం మీంచి దించి, కింద కూచుని పాదం మీద ఆనించుకున్నారు, తీగల శ్రుతి మార్చారు, విల్లు లాగే పద్ధతి మార్చారు. వంద, నూట యాభై ఏళ్ళ తర్వాత అదే విజయనగరం పరువు అయిపోయింది. పైగా ద్వారం వారి విల్లు వాటంలో పాశ్చాత్య పద్ధతి ఛాయలు ఉన్నాయని సంగీతం తెలిసినవాళ్ళే రాశారు. 1952లో యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఈయన వాయిద్యం విని మెచ్చుకున్నాడు. తలుపులు మూసుకుని కూచున్న మనిషి కాదాయన. అలాంటి మనిషి పేరు చెప్పి పదిహేనేళ్ళ పిల్ల ముందు తలుపు మూసేస్తారా?

ఇంకోటి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రాత్రంతా పద్యనాటకాలు ఆడేవారు. అవి దేని మీద నడిచాయి? హార్మోనియం పెట్టె మీద. అదీ పరాయి సరుకే. గమకం పలకదని చెప్పి 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది, 1971 దాకా ఆ వెలి సాగింది. ఢిల్లీలో వెలివేస్తే మన ఊళ్ళలో ఎవడైనా పట్టించుకున్నాడా? చాకిరేవు దగ్గర కూడా పద్యం పాడుకునే జనానికి పెట్టె లేకుండా నాటకం ఉంటుందా? ఏ వాయిద్యం మనదో తేల్చేది దాన్ని వాయించే వేళ్ళూ, వినే చెవులూ. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు.

మాండొలిన్ శ్రీనివాస్ సంగతి సరేసరి. 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వాయిస్తానంటే మద్రాసులో పెద్దలు ముక్కు మీద వేలేసుకున్నారు. తొమ్మిదేళ్ళకి గుడివాడలో మొదటి కచేరీ. ఎనిమిది తీగల వాయిద్యాన్ని ఐదు తీగలకి మార్చుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదట, ఆయన పాడితే ఈ కుర్రాడు దాన్ని మాండొలిన్ మీదికి దించుకునేవాడు. ఇవాళ అతని పేరెత్తితే పెదనాన్న కూడా చేతులు జోడిస్తారు. గెలిచాక అందరూ మనవాళ్ళే, కదా!

ఇక రెండో వర్గం. వీళ్ళు నా ఆఫీసులోనే ఉన్నారు. వీళ్ళ మీద నాకు పెదనాన్న మీద కన్నా ఎక్కువ మంట. కొత్తగా జాజ్ పిచ్చి పట్టిన టీం లీడు ఒకాయన (మన తెలుగాయనే, తెలుగులో మాట్లాడడం మాత్రం లంచ్ టైంలోనే) "తప్పక వినాల్సిన పది జాజ్ గిటారు ఆల్బంలు" అని ఒక మెయిల్ కొట్టాడు. జాబితా చూశా. ఎక్కడి నుంచో ఎత్తినదే. జాన్ మెక్‌లాఫ్లిన్ పేరు ఉంది గానీ శక్తి ఆల్బం ఒక్కటీ లేదు. ఎందుకని అడిగితే "అది జాజ్ కాదు, వరల్డ్ మ్యూజిక్" అన్నాడు. వరల్డ్ మ్యూజిక్ అంటే ఏమిటి స్వామీ? మిగతావన్నీ అంగారకుడి మీద రికార్డు చేశారా? అమెరికావాడు మన సంగీతాన్ని షాపులో మూల అరలో పెడితే, మనవాడూ చెప్పులు విప్పి ఆ మూలనే నిలబడుతున్నాడు.

చూడండి ఎంత విచిత్రమో. గిటారు ఉంది కాబట్టి మన సంగీతం కాదని ఒకాయన, తబలా ఉంది కాబట్టి జాజ్ కాదని ఇంకొకాయన. ఇద్దరూ లేబుల్ చదివారు, పాట వినలేదు. టెస్టు రన్ చెయ్యకుండా బగ్ రిపోర్టు రాసేవాళ్ళు మనందరికీ తెలుసు కదా, అదే బాపతు.

సరే, మెక్‌లాఫ్లిన్ ఎవరో తెలియని వాళ్ళకి: 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. 1969లో అమెరికా వెళ్ళిన వెంటనే మైల్స్ డేవిస్‌తో వాయించాడు. తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి చెవులు చిల్లులు పడేలా ఎలక్ట్రిక్ గిటారు మోగించాడు. ఆ పేరు ప్రఖ్యాతులన్నీ ఉన్నప్పుడే, వెస్లియన్ యూనివర్సిటీలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర కూచుని వీణ నేర్చుకున్నాడు. ప్రపంచమంతా తిరిగే గిటారిస్టు బుద్ధిగా కింద కూచుని సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టడం అంటే మాటలా? మనలో ఎంతమందికి పదేళ్ళ అనుభవం తర్వాత కొత్త లాంగ్వేజ్ హలో వరల్డ్ నుంచి నేర్చుకునే ఓపిక ఉంది?

ఈ వీణ ముక్కే నాకు అన్నిటికన్నా ఇష్టం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి ఒకే చెక్కతో వీణ చేస్తారు, మన జిల్లా వాళ్ళు చాలామంది చూసే ఉంటారు. దాని మీద 24 మెట్లు మైనంలో కూచోబెడతారు. మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి తీగని పక్కకి లాగొచ్చు. ఒకే మెట్టు మీద వేలు పెట్టి లాగితే స్వరం పైకి జారుతుంది, వదిలితే దిగుతుంది. గమకం వచ్చేది అలాగే. మామూలు గిటారు మీద మెట్లు పొట్టివి, వేలు చెక్కకి తగిలిపోతుంది, అంత లాగుడు కుదరదు. మెక్‌లాఫ్లిన్ ఏం చేశాడంటే, గిబ్సన్ కంపెనీ పనివాడు అబ్రహాం వెక్టర్ చేత మెట్ల మధ్య చెక్కని గుంటలు పడేలా తొలిపించుకున్నాడు. అప్పుడు వేలికింద చోటు దొరికింది, తీగ వీణ తీగలా లాగొచ్చు. దానికి తోడు అసలు తీగల కింద అడ్డంగా ఇంకో ఏడు తీగలు, వాటంతట అవే మోగేవి. అంటే ఆ గిటారు సగం వీణకి చుట్టం! ఈ మాట చెప్పినప్పుడు మాత్రం పెదనాన్న ఓ క్షణం ఆగి "మైనం లేదు గదా" అన్నారు. మొండి మనిషి.

ఇప్పుడు ఏం వినాలో చెప్తా. పది లేవు. నాకు పదులూ ఇరవైలూ నచ్చవు.

మొట్టమొదట శక్తి బృందం మొదటి ఆల్బం. 1975లో న్యూయార్క్ దగ్గర సౌతాంప్టన్ కాలేజీలో జనం ముందు వాయించినది, 1976లో వచ్చింది. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. మొదటి ట్రాక్ "జాయ్" 18 నిమిషాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, మీటింగులో మ్యూట్ చేసుకుని కాదు. గిటారూ వయొలినూ కలిసి ఒకే వరస పరిగెత్తడం, అంతలోనే విడిపోయి ఒకరి తర్వాత ఒకరు మనోధర్మం మీద పోవడం, మళ్ళీ కలుసుకోవడం. మన కచేరీలో పాటగాడు ఒక ఆవృత్తం స్వరం వేస్తే వయొలిన్ జవాబు ఇవ్వదూ? జాజ్‌లో నాలుగేసి బార్లు మార్చుకుని వాయించడం అచ్చం ఆ పనే. రెండు ఊళ్ళ వాళ్ళు ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు ఒకే ఆట కనిపెట్టారన్నమాట. రెండో వైపు దాదాపు అరగంట సాగే ట్రాక్ ఉంది, దానికి ఆదివారం పొద్దున్న కావాలి. తాళవాద్యాల దగ్గరికి వచ్చేసరికి ఘటం మీద విక్కు గారి చేతులు... రాయడం నా వల్ల కాదు, వినండి.

అదే బృందం తర్వాతి రెండూ, 1976 నాటి "ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ", 1977 నాటి "నేచురల్ ఎలిమెంట్స్". మొదటి దాన్ని తప్పకుండా వినండి, రెండోది కొంచెం పాటల కొలతలో కత్తిరించినట్టు ఉంటుంది, తర్వాత విన్నా పర్లేదు.

ఆ తర్వాత పాతికేళ్ళు దూకి "ద బిలీవర్", 2000లో వచ్చింది. ఇది మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఉన్న రిమెంబర్ శక్తి. ఘటం, కంజీర మీద విక్కు గారబ్బాయి సెల్వగణేష్. ఇక్కడ ఒక పరీక్ష పెట్టుకోండి. "లోటస్ ఫీట్" అనే చిన్న పాట మొదటి ఆల్బంలోనూ ఉంది, ఇందులోనూ ఉంది. రెండూ వెంటవెంటనే వినండి. 1975లో వాయించినప్పుడు వయొలిన్ పొడుగ్గా సాగదీసిన స్వరాన్ని, ఇక్కడ మాండొలిన్ చిన్న చిన్న మీటుల్లో పట్టి నిలబెడుతుంది. మీటితే వెంటనే చచ్చిపోయే శబ్దం అది, దాన్ని బతికించడానికి ఆ వేళ్ళు పడే కష్టం వినిపించదు. మెక్‌లాఫ్లిన్ అతని పక్కన వాయిస్తూ చాలాచోట్ల తగ్గిపోతాడు, దారి ఇస్తాడు. 2014 సెప్టెంబరులో శ్రీనివాస్ పోయాడు, నలభై అయిదేళ్ళకే. ఈ ఆల్బం విన్నప్పుడల్లా నాకు అది గుర్తొచ్చి కాసేపు పనిలోకి మనసు పోదు.

ఎలక్ట్రిక్ మోత తట్టుకోగలిగితే మహావిష్ణు వారి "ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్", 1971. తట్టుకోలేకపోతే అదే ఏడాది వచ్చిన "మై గోల్స్ బియాండ్", ఒక వైపంతా ఒట్టి మామూలు గిటారే, ఇంకో వైపు బాదల్ రాయ్ తబలా. తర్వాత శక్తికి దారి పడింది ఇక్కడే అని నాకనిపిస్తుంది.

అందరూ నెత్తిన పెట్టుకునే "ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో" (పాకో దె లూసియా, అల్ డి మియోలాలతో, 1980 డిసెంబరులో వాయించినది) నాకు అంతగా ఎక్కదు. ముగ్గురు మొనగాళ్ళు ఎవరు స్పీడో తేల్చుకుంటున్నట్టు ఉంటుంది. జనం ఈలలు కూడా స్పీడుకే వేస్తారు. తిట్టాలనుకుంటే తిట్టండి. "ఫ్లోటింగ్ పాయింట్" అని చెన్నైలో మన వాయిద్యకారులతో చేసి 2008లో తెచ్చినది ఒకటుంది, పేరు మన ఐటీ వాళ్ళకి నచ్చుతుంది గానీ ఆ గిటారు సింథసైజర్ శబ్దం నాకు పడదు :)

2023లో శక్తి వాళ్ళు "దిస్ మొమెంట్" అని స్టూడియో ఆల్బం తెచ్చారు. 2024లో దానికి గ్రామీ వచ్చింది. అప్పుడు మా ఆఫీసు వాళ్ళందరూ స్టేటస్‌లు పెట్టుకున్నారు, టీం లీడుతో సహా. అదే ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ పోయారు. వినడం మొదలుపెట్టే వాళ్ళు మాత్రం దీంతో మొదలుపెట్టకండి, వెనకనుంచి రండి.

పెదనాన్న మాటలో నిజం అసలు లేదా అంటే, ఉంది. తోడి రాగంలో గాంధారం ఊగే ఊపు వయొలిన్ మీద వచ్చినట్టు గిటారు మీద రాదు. మెట్లు తొలిచినా పూర్తిగా రాదు. ఫ్యూజన్ పేరుతో కీర్తనకి కింద డ్రమ్ములు తగిలించి అమ్ముతున్న చెత్త కూడా బోలెడుంది, దాన్ని వెనకేసుకురావడం నా పని కాదు. కానీ ఐఐటీ మద్రాసులో ఇంజనీరింగు చదివి, తర్వాత బర్క్లీకి వెళ్ళి జాజ్ నేర్చుకుని, గిటారు మీదే పూర్తి కర్ణాటక కచేరీలు చేసే ప్రసన్న లాంటి వాళ్ళు ఉన్నారు. ఆయన వాయించేది విన్నాక "రాదు" అనే మాటకి బదులు "ఇంకా ఎవరూ అంత దూరం పోలేదు" అనడం న్యాయం. అంత దూరం పోయేది ఏ ఊరి పిల్లో మనకేం తెలుసు?

ఇక్కడ నా పాత పుండు ఒకటి చెప్పాలి. ఇంజనీరింగు రెండో ఏడాదిలో స్కాలర్‌షిప్పు డబ్బుతో సెకండ్ హ్యాండు గిటారు కొన్నా. ఊళ్ళో ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళి, దీని మీద మాయామాళవగౌళ చెప్పండి సార్ అని అడిగా. నలుగురి ముందూ "సినిమా హీరోవి అయిపోదామనా?" అని నవ్వారు. అందరూ నవ్వారు. ఆ గిటారు అటక మీద పెట్టేశా, తీగలు తుప్పు పట్టాయి, ఇల్లు మారినప్పుడు అదెక్కడ పోయిందో కూడా తెలీదు. మా ఇంట్లో ఎవరికీ ఇది తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. ఆయన వద్దని ఉంటే పోట్లాడేవాణ్ణి. నవ్వారు చూడండి, అక్కడ చచ్చిపోయింది.

అందుకే మేనకోడలు గుసగుసగా అడగడం నాకు గుచ్చుకుంది. అడగడానికే గొంతు తగ్గించింది ఆ పిల్ల.

ద్వారం వారి పేరు చెప్పి కసురుకునే వాళ్ళలో ఆయన వాయిద్యం గంటసేపు విన్నవాళ్ళు ఎంతమంది? మా ఇంట్లోనే లెక్క తీశా. పెదనాన్న రేడియోలో విన్నారు, చాన్నాళ్ళ క్రితం. అక్క వినలేదు. బావ వినలేదు. మేనకోడలు వింది! ఇంటర్నెట్‌లో వెతుక్కుని, పాత 78 ప్లేట్ల మీంచి ఎక్కించిన ఆ మూడేసి నిమిషాల ముక్కలు బరబర శబ్దాల మధ్యలోంచి వింది. ఆయన పేరు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉంటుంది. రాగం పేరు ఉంటే పక్కవాద్యం పేరు ఉండదు, రెండూ ఉంటే ఏ ఏడాదో ఉండదు. మెక్‌లాఫ్లిన్ రికార్డుకైతే ఏ రోజు, ఏ హాలులో, ఎవరెవరు వాయించారో గీతగీసినట్టు దొరుకుతుంది. మన పెద్దాయనకి కాలేజీ ఉంది, విగ్రహాలున్నాయి, 1993లో తపాలా బిళ్ళ కూడా వేశారు. సరిగ్గా పేర్లు రాసిన రికార్డుల జాబితా మాత్రం వెతికినా కనబడదు. డేటాబేసులు తోమి బతికే వాళ్ళం ఇన్ని వేలమందిమి ఉన్నాం కదా ఉత్తరాంధ్ర నుంచి, ఒక్కొక్కళ్ళం శనివారం రెండు గంటలు కూచుంటే ఎన్నాళ్ళ పని? చేసేవాళ్ళుంటే చెప్పండి, నేను రెడీ. మొన్నటి వారం నుంచి ఒక స్ప్రెడ్‌షీటు మొదలుపెట్టా, పదకొండు వరసలు వచ్చాయి, అందులో మూడింటికి ప్రశ్నార్థకం.

గిటారు బెంగుళూరులో కొని మొన్న శుక్రవారం కొరియర్లో పంపించేశా. అక్కకి ఫోన్ చేసి చెప్పా, తిట్టింది, తిట్టి అడ్రసులో పిన్‌కోడ్ సరిచూసింది.

నిన్న రాత్రి పెదనాన్న ఫోన్ చేశారు. గిటారు మాట ఎత్తలేదు. నా ఆరోగ్యం అడిగారు, బెంగుళూరులో వానలు అడిగారు, అన్నీ అయ్యాక "ఒరే, ఆ పాలకొల్లు కుర్రోడు ఆ ఇంగ్లీషోడితో వాయించాడన్నావే, అదేటది, పేరు ఓసారి చెప్పు, గుంట ఫోన్లో పెడతానంటంది" అన్నారు.